గ్రౌండు జరిగితే గల్లీ ఏమైతది?

మాంచెస్టర్ యునైటెడోళ్లు లక్షమంది కూసునే కొత్త స్టేడియం కడ్తరట. 2025 మార్చిల బొమ్మలు సుత ఇడిసిన్రు. పెద్ద గుడారం లెక్క కప్పు, దాన్ని మోసేతందుకు మూడు పెద్ద కంబాలు, కింద చీమల్లెక్క జనం. ఖర్చు రెండు బిలియన్ పౌండ్లు అంటున్నరు. పౌండుకు ఉత్తగ నూరు రూపాలే పట్టుకున్నా ఇరవై వేల కోట్లు. 1910 సంది ఆడుతున్న ఓల్డ్ ట్రాఫర్డ్ పక్కపొంటనే గిది లేస్తదట. అటు లివర్‌పూల్ల ఎవర్టన్ క్లబ్బోళ్లయితే పోనే పోయిన్రు. 1892 సంది ఆడిన గుడిసన్ పార్క్‌ను 2025 మేల ఇడిసిపెట్టి, రేవు కాడ కట్టిన కొత్త స్టేడియంకు మూటముల్లె సదురుకున్నరు.

గీ వార్తలొచ్చినప్పుడల్లా మా దోస్తుల గ్రూపుల ఒక్కటే తీరు మెసేజులు. "అబ్బ, ఏం కడుతున్నర్ర!" అని ఒకలు. "మనకాడ గిసొంటివి ఎప్పుడొస్తయో" అని ఇంకొకలు. నాకు మాత్రం కొత్త స్టేడియం బొమ్మ సూసినప్పుడల్లా లండన్ల గ్రీన్ స్ట్రీట్ మీద షట్టర్ దించుతున్న మా దుకాణం అంకుల్ యాదికొస్తడు. గా ముచ్చట చెప్త. ఎందుకంటే క్లబ్బులు గ్రౌండు మార్చినప్పుడు పేపర్లల్ల వచ్చేదంత సీట్లెన్ని, పైసలెన్ని, తెరలు ఎంత పెద్దగున్నయి అనే లెక్కలే. జనం నడిచే తొవ్వ గురించి రాసేటోళ్లు తక్కువ.

నేను 2014ల సదువుకు లండన్ పోయిన. మనోళ్లు ఆడికి పోతే శానామంది మొదాలు దిగేది ఈస్ట్ హామ్‌ల. ఇంగ్లీషు సక్కగ రాకున్నా నెల రోజులు బతుకొచ్చు గక్కడ. దోసె హోటళ్లు, సోనామసూరి సంచులు, గోంగూర కట్టలు, దుకాణాల అద్దాల మీద రూములు కిరాయికున్నయని చీటీలు. మేం ఏడుగురం ఒక్క ఇంట్ల ఉంటుంటిమి. ఈస్ట్ హామ్‌కు పక్క స్టేషనే అప్టన్ పార్క్. స్టేషన్ బయటికొస్తే గ్రీన్ స్ట్రీట్. ఒకదిక్కు చీరెలు, బంగారం, హలాల్ మాంసం దుకాణాలు. క్వీన్స్ మార్కెట్‌ల బెండకాయ, కాకరకాయ కాడికెంచి చేపల దాక అన్ని దొరుకుతయి. ఇంకోదిక్కు జరంత దూరం నడిస్తే వెస్ట్ హామ్ యునైటెడ్ ఫుట్‌బాల్ క్లబ్బు గ్రౌండు. కాయిదాల మీద దాని పేరు బోలిన్ గ్రౌండు. జనం నోట్ల మాత్రం అప్టన్ పార్కే. 35 వేలమంది పట్టే గ్రౌండు, సుట్టూత ఇండ్లు, బడి, చర్చి, దుకాణాలు. మన దిక్కు ఊరి నడుమ గుడి ఎట్లుంటదో గట్లుండేది.

గా సడక్ మీదనే ఓ కిరాణ దుకాణంల నాకు పని దొరికింది. వారానికి ఇరవై గంటలు. ఓనరు గుజరాతాయన. 1972ల ఇదీ అమీన్ ఎల్లగొడితే ఉగాండాకెంచి వచ్చిన కుటుంబం. మేమంత ఆయన్ను అంకుల్ అనే పిలుస్తుంటిమి. ఫుట్‌బాల్ గురించి ఆయనకు తెలిసింది ఒక్కటే, మ్యాచ్ ఏ తారీఖు. క్లబ్బోళ్ల క్యాలెండర్ గల్లా పెట్టె మీద అతికిచ్చి ఉండేది. మ్యాచ్ దినం పొద్దుగాలనే నీళ్ల సీసాలు, చిప్స్, చూయింగ్ గమ్, సిగరెట్లు తీసి ముంగట పెట్టిపిచ్చేటోడు. పప్పుల డబ్బాలు ఎన్కకు పోయేటియి. ఒంటిగంట కాంగనే మెరూన్, లేత నీలం చొక్కాలు సడక్ నిండేటియి. మూడు కొట్టేదాక గిరాకి ఎడతెగకపోయేది. గల్లా మామూలు శనివారానికి రెండింతలు. అంకుల్ నా లెక్క పని పిల్లగాండ్లు ఇద్దరికి జీతం గీ మ్యాచ్‌ల మీదనే ఎల్లదీసేటోడని నాకు అటెన్క అర్థమైంది.

ఇంకో ముచ్చట చెప్పాలె. దుకాణంల చిన్న టీవీ ఉండె, దాంట్ల మ్యాచ్ స్కోరు వచ్చేది. గని టీవీ ఎప్పుడు ఎన్కనే ఉండేది. గోల్ వడితే మొదాలు గ్రౌండుకెంచి మోత ఇనవడేది, అటెన్క నాలుగైదు సెకండ్లకు టీవీల స్కోరు మారేది. మోతను బట్టే చెప్పొచ్చు, మనోళ్లు కొట్టిన్రా, పైవాళ్లు కొట్టిన్రా అని. నేను రెండేండ్లల్ల ఒక్కసారే లోపలికి పోయిన, టికెట్ పైసలు మాసొంటోళ్లకు అందేటివి కావు. అయినా గా క్లబ్బు నాదనే అనిపిచ్చేది.

గా టీం పుట్టుక సుత మనసొంటి కష్టజీవులదే. 1895ల థేమ్స్ నది ఒడ్డున ఓడలు కట్టే ఇనుప కార్ఖానా కార్మికుల కోసం పెట్టిన టీం అది, పేరు థేమ్స్ ఐరన్‌వర్క్స్. 1900ల వెస్ట్ హామ్ యునైటెడ్ అయింది. 1904ల గీ గ్రౌండుకొచ్చింది. కార్ఖానా 1912ల మూతవడ్డది, టీం మాత్రం నిలవడ్డది. ఇప్పటికి క్లబ్బు గుర్తుల ఉండేది రెండు సుత్తెలే, ఓడకు రివిట్లు కొట్టే సుత్తెలు. 1966ల ఇంగ్లండ్ ప్రపంచకప్పు గెలిచినప్పుడు కెప్టెన్ బాబీ మూర్, ఫైనల్‌ల మూడు గోల్స్ కొట్టిన జెఫ్ హర్స్ట్, నాలుగోది కొట్టిన మార్టిన్ పీటర్స్, ముగ్గురు గీ క్లబ్బోళ్లే. గ్రౌండుకు దగ్గర, గ్రీన్ స్ట్రీట్ బార్కింగ్ రోడ్డుకు కలిసే మూలమలుపు కాడ వాళ్ల కంచు విగ్రహం ఉంటది.

ఇగ ఆఖరి రాత్రి. 2016 మే 10, మంగళవారం. బోలిన్ గ్రౌండుల చివరి మ్యాచ్, పైటీం మాంచెస్టర్ యునైటెడ్. టికెట్ ఉన్నోళ్లు, లేనోళ్లు అందరొచ్చిన్రు. సాయంత్రానికి సడక్ మీద ఇసుకేస్తే రాలనంత జనం. గండ్లనే మాంచెస్టరోళ్ల బస్సు వచ్చి ఇరుక్కున్నది. తాగినోళ్లు సీసాలు ఇసిరిన్రు, బస్సు అద్దాలు పలిగినయి. పోలీసు గుర్రాలు వచ్చినయి. మ్యాచ్ 45 నిమిషాలు లేటుగ షురూ అయింది. అంకుల్ నాతోని "షట్టర్ సగం దించు బేటా" అన్నడు. సగమే, ఎందుకంటే గిరాకి పోగొట్టుకునుడు సుత ఆయనకు ఇష్టం లేదు. మేం గా సగం షట్టర్ కిందికెంచి వంగి వంగి బిల్లులు కొట్టినం. రాత్రి వెస్ట్ హామ్ 3-2 తోని గెలిచింది. ఆఖరి గోల్ విన్‌స్టన్ రీడ్ తలతోని కొట్టిండు. గా మోతకు ర్యాకుల మీది గాజు సీసాలు గల్లుమన్నయి. అంకుల్ క్యాలెండర్ పీకి మలిచి గల్లా సొరుగుల పెట్టిండు. ఏమనలే.

క్లబ్బు పోయిన జాగ దూరమేం కాదు. మూడు మైళ్ల లోపే. స్ట్రాట్‌ఫర్డ్‌ల 2012 ఒలింపిక్స్ కోసం కట్టిన స్టేడియం. గిప్పుడు దాని పేరు లండన్ స్టేడియం, 60 వేలకు మించి సీట్లు. ఆడిదాక పోవుడు సులువు, మెట్రో లైన్లు, రైళ్లు, బస్సులు అన్ని ఆడనే కలుస్తయి. ఇప్పుడు అసలు లొల్లి చూడుండ్రి.

ఆ స్టేడియం జనం పైసలతోని కట్టింది. ఒలింపిక్స్ కోసం అయిన ఖర్చు 429 మిలియన్ పౌండ్లు. ఆటలయినంక దాన్ని ఫుట్‌బాల్‌కు పనికొచ్చేటట్టు మార్చేతందుకు 272 మిలియన్లు అన్నరు, ఆఖరికి 323 మిలియన్లకు చేరింది. గండ్ల క్లబ్బు పెట్టింది 15 మిలియన్లు. మన భాషల చెప్తే, పాత బంగ్లాను రిపేర్ చేయనీకి 3,230 కోట్లయితే, అండ్ల ఉండబోయే కిరాయిదారు 150 కోట్లిచ్చి మిగిలింది ఊరోళ్ల మీద రుద్దిండు. లీజు 99 ఏండ్లు. కిరాయి షురూల ఏడాదికి 2.5 మిలియన్ పౌండ్లు. ఒక మామూలు ప్రీమియర్ లీగ్ ఆటగాని ఏడాది జీతం గంతకు తక్కువుండదు. మ్యాచ్ నాడు గేట్ల కాడ మనుషులను పెట్టుడు సుత స్టేడియం ఓనరైన సర్కారీ సంస్థ నెత్తినే.

ఇంకోటి. ఒలింపిక్స్ పేరు నిలవెట్టాలెనని రన్నింగ్ ట్రాక్‌ను అట్లనే ఉంచిన్రు. ఎండకాలం పరుగు పందేలకు ట్రాక్ కావాలె, మిగిలిన దినాలు దాని మీదికి కుర్సీలు జరగాలె. గందుకని జరిగే కుర్సీలు పెట్టిన్రు. గా కుర్సీలు అటుఇటు జరుపనీకి ఏడాదికి మూడు లక్షల పౌండ్లయితదని లెక్కేసిన్రు, ఎనిమిది మిలియన్లకు ఎక్కింది. ఎవరన్నా ఇంట్ల సోఫా జరుపనీకి గింత పెడ్తరా? లండన్ మేయర్ సాదిక్ ఖాన్ విచారణ ఏపిచ్చిండు, 2017 డిసెంబర్‌ల స్టేడియంను తన చేతిలకు తీసుకున్నడు. గని సంతకాలైపోయిన లీజును ఏం చేస్తడు? ఏటేటా మిలియన్ల పౌండ్ల నష్టం లండన్ జనం మీద పడుతనే ఉన్నది.

ప్రైవేటోళ్లకు లాభం, జనానికి బిల్లు. గీ కథ మనకు కొత్తగాదు గదా.

సరే, పైసల సంగతి పక్కనవెడితే ఆట సూసేటోళ్లకన్నా బాగైందా? అండ్ల రెండు మాటలున్నయి. మంచి చూపుండేది పాత గ్రౌండులనే అని ముసలోళ్లు అంటరు. నిజమే, ఆడ ముందటి వరసల కూసుంటే ఆటగాని దమ్ము ఇనవడేది. కొత్తదాంట్ల ట్రాక్ అడ్డమొచ్చి మైదానం దూరమైంది. తర్వాత గోల్ ఎన్క సీట్లు జర ముందటికి జరిపిన్రు గని, ఓవల్ గిన్నెల కూసున్నట్టే ఉంటది. 2018 మార్చి 10న బర్న్‌లీ మీద 0-3తోని ఓడిపోతుంటె అభిమానులు మైదానంలకు ఉరికిన్రు. ఒకాయన మూలకున్న జెండా కట్టె పీకి నడుమ గుంతల పాతిండు. ఓనర్లు కూసునే జాగ ముంగట వందలమంది నిలవడి తిట్టిన్రు. అది ఒక్క ఓటమి మీద కోపం కాదు. 2025ల సుత స్టేడియం బయట నిరసనలు అయినయి, ఒక మ్యాచ్‌కు శానామంది రాకుండ కుర్సీలు ఖాళీ ఇడిసిన్రు.

ఇంకో దిక్కు, గా స్టేడియంలకు పోయినంకనే వెస్ట్ హామ్ 2023ల యూరప్ కప్పు ఒకటి గెలిచింది, కాన్ఫరెన్స్ లీగ్. 43 ఏండ్లకు దొరికిన పెద్ద కప్పు. పాత గ్రౌండుల టికెట్ దొరకని పిల్లగాండ్లు శానామందికి కొత్తదాంట్ల దొరికింది. గది అబద్ధమని నేననను.

పాతదంత బంగారం అనుడు సుత అబద్ధమే. ఇంగ్లండ్ పాత గ్రౌండులు మనుషులను మింగినయి. 1985ల బ్రాడ్‌ఫర్డ్‌ల కట్టె స్టాండు అంటుకుని 56 మంది కాలిపోయిన్రు. 1989ల హిల్స్‌బరోల కంచెకు ఒత్తుకుని ఊపిరాడక చచ్చిపోయినోళ్లు 97 మంది. అటెన్కనే పెద్ద క్లబ్బుల గ్రౌండులల్ల అందరికి సీట్లుండాలెనన్న రూలు వచ్చింది, ఎన్కటి నిలవడే గద్దెలు పోయినయి. కొత్త స్టేడియంలకు తొవ్వ తీసింది సుత గదే.

అంకుల్ తోని ఒకనాడు గీ ముచ్చట తీసిన. ఆయన 1970లు, 80ల సంగతి చెప్పిండు. అప్పుడు మ్యాచ్ ఉన్న దినం షట్టర్ సగం కాదు, మొత్తమే దించుతుండెనట. నేషనల్ ఫ్రంట్ అనే నల్లోళ్లంటే, మనోళ్లంటే పడని పార్టీ గ్రౌండు బయట పేపర్లు అమ్మేదట. మ్యాచ్ ఇడిసినంక మనోళ్లు గల్లీల దిక్కు రాకపోయేటోళ్లట. అదే క్లబ్బు 1972 ఏప్రిల్ 1న టాటెన్‌హామ్ మీద ముగ్గురు నల్లజాతి ఆటగాండ్లను ఒక్కపారే దింపింది, ఇంగ్లండ్ పెద్ద లీగుల అది మొదటిసారి. క్లైడ్ బెస్ట్, క్లైవ్ చార్లెస్, ఏడ్ కోకర్. మైదానంల గది, మైదానం బయట ఇది. రెండు నిజమే.

నేను పోయేసరికి గా కాలం పోయింది. మ్యాచ్‌కు వచ్చేటోళ్లల శానామంది అప్పటికే ఆ బస్తిల ఉంటలేరు. వాళ్ల తాతలు ఆడ పుట్టిన్రు, వాళ్లు ఎసెక్స్ దిక్కు మంచి ఇండ్లు కొనుక్కుని పోయిన్రు. వాళ్ల ఇండ్లల్లకు మనసొంటోళ్లం వచ్చినం. మామూలు దినం వాళ్లకు మాకు పలకరింపే లేదు. పదిహేను దినాలకొకసారి, మ్యాచ్ కోసం, వాళ్లు మల్ల తాత ఊరికి వచ్చి మా దుకాణంల నీళ్లసీస కొని "థ్యాంక్స్ మేట్" అని పోయేటోళ్లు. ఒకాయన వాళ్లవ్వ ఇల్లు ఏదో చూపెట్టిండు నాకు. మేమున్న ఇంటికి నాలుగిండ్ల అవతలనే. గా గ్రౌండు పాత ఊరోళ్లకు, కొత్త ఊరోళ్లకు మిగిలిన ఆఖరి కలిసే జాగ. గది పోయింది. నా లెక్కల అసలు నష్టం గిదే, దీన్ని ఏ విచారణల లెక్కేయలే.

గిప్పుడు మ్యాచ్‌కొచ్చేటోళ్లు స్ట్రాట్‌ఫర్డ్ స్టేషన్ల దిగుతరు. పక్కనే వెస్ట్‌ఫీల్డ్ అనే పెద్ద మాల్, 2011ల కట్టింది. మాల్ పక్కపొంటి నడిచి, వంతెన దాటి, స్టేడియంలకు పోతరు. కాఫీ మాల్ల, బీరు స్టేడియంల. సడక్ మీద నీళ్లసీస కొనే అవసరమే లేదు. కొత్త స్టేడియం కట్టేటోళ్ల పనితనం అంత గీన్నే ఉంటది. ఎన్కట జనం గ్రౌండుకు పోయే తొవ్వల పదిమంది దుకాణాల కాడ ఆగుతుండె. గిప్పుడు రెండు గంటల ముందే గేటు లోపలికి రప్పిచ్చి, తిండి, తాగుడు, చొక్కా, కండువా అన్ని లోపలనే అమ్ముతరు. టాటెన్‌హామ్ 2019ల పాత గ్రౌండు జాగలనే ఒక బిలియన్ పౌండ్లతోని కొత్తది కట్టింది, అండ్ల బీరు తయారుచేసే కార్ఖానా సుత పెట్టుకున్నరు. ఏడాదికి మ్యాచ్ దినాల ఆమ్దాని వంద మిలియన్ పౌండ్లు దాటింది. అమెరికా ఫుట్‌బాల్, పాటల కచేరీలు, అన్ని ఆడనే. గంత సంపాదిచ్చుకుంట సుత 2024ల ముసలోళ్ల రాయితీ టికెట్లకు కోత పెడ్తమన్నరు, అభిమానులు లొల్లి పెట్టిన్రు.

అయినా టాటెన్‌హామోళ్లను నేను గంత తిట్టను, ఎందుకంటే వాళ్లు హై రోడ్డు ఇడిసిపోలే. రెండేండ్లు వెంబ్లీల కిరాయికి ఆడి మల్ల గాన్నే వచ్చిన్రు. స్పెయిన్ల అథ్లెటిక్ బిల్బావోళ్లు ఇంకా మంచి పనిచేసిన్రు. 1913 నాటి సాన్ మమేస్‌ను అంటుకునే కొత్త సాన్ మమేస్ కట్టి 2013ల మారిన్రు. పేరు అదే, గల్లీ అదే, మ్యాచ్‌కు ముంగట ఆగే కల్లుదుకాణమసొంటి బారు సుత అదే. ఆర్సెనల్ 2006ల హైబరీ ఇడిసి అర కిలోమీటర్ అవతలికి పోయింది. హైబరీ స్టాండ్లు ఫ్లాట్లయినయి, మైదానం తోటయింది. స్టేడియం అప్పు తీర్చుకుంట తీర్చుకుంట మంచి ఆటగాండ్లను ఒక్కొక్కలను అమ్ముకున్నరు, 2005 కెంచి 2014 దాక ఒక్క కప్పు లేదు.

ఎవర్టనోళ్ల సంగతి జర వేరే. కొత్త స్టేడియం కట్టింది పాత రేవుల. గసొంటి కట్టడాలొచ్చుడుతోనే 2021ల యునెస్కో లివర్‌పూల్ రేవు పేరును ప్రపంచ వారసత్వ జాబితకెంచి కొట్టేసింది. ఊరి గొప్ప ఒకటి పోయింది, గని పాడువడ్డ రేవుకు మల్ల జనమొచ్చిన్రు. ఏది ఎక్కువ, ఏది తక్కువ, గా ఊరోళ్లే చెప్పాలె. నాకు నచ్చింది ఇంకోటి. గుడిసన్ పార్క్‌ను కూలగొట్టి ఫ్లాట్లు కడ్తమన్న పాత ఆలోచన ఇడిసిపెట్టి, దాన్ని ఎవర్టన్ ఆడోళ్ల టీంకు ఇచ్చిన్రు. గల్లీల మ్యాచ్ దినం ఇంకా ఉన్నది. బోలిన్ గ్రౌండుకు గా అదృష్టం పట్టలే. అది బిల్డర్లకు అమ్ముడువోయింది. ఎనిమిది వందలకు పైన ఫ్లాట్లు లేసినయి. గరీబోళ్లకు అందే ధరలల్ల ఎక్కువ ఇండ్లు కావాలెనని బస్తోళ్లు కొట్లాడిన్రు, కొన్ని ఇచ్చిన్రు, అడిగినన్ని ఇయ్యలే.

2024ల పనిమీద లండన్ పోయినప్పుడు గ్రీన్ స్ట్రీట్ పోయిన. చీరెల దుకాణాలు అట్లనే ఉన్నయి, మార్కెట్ అట్లనే ఉన్నది. బాబీ మూర్ విగ్రహం అదే మలుపు కాడ కప్పు పట్టుకుని నిలవడ్డది, ఎన్క గ్రౌండు లేదు. మా దుకాణం జాగల ఫోన్లు రిపేర్ చేసేటాయన ఉన్నడు. అంకుల్ పాణం మంచిగనే ఉన్నదట, కొడుకు దగ్గర లెస్టర్ల ఉంటున్నడట. క్లబ్బు పోయినంక ఏడాదికే ఒక పని పిల్లగాణ్ని తీసేసిండు. గా పిల్లగాణ్ని నేనే. ఆయన తప్పని ఎన్నడు అనుకోలే.

గిదంత లండన్ ముచ్చట, మనకేంది అంటరా? మనకున్నది, అంతకంటె ఎక్కువనే.

హైదరాబాద్ అంటే ఎన్కట ఫుట్‌బాలే. ఫతే మైదాన్, గిప్పటి ఎల్బీ స్టేడియం, అండ్ల ఆడి పెరిగినోళ్లు ఇండియా టీం నింపిన్రు. హైదరాబాద్ సిటీ పోలీస్ టీం 1950 కెంచి 1954 దాక వరుసగ ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన చేతుల ఇండియా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల నాలుగో స్థానానికొచ్చింది, 1962 ఏషియన్ గేమ్స్‌ల బంగారం తెచ్చింది. సికింద్రాబాద్ అమ్ముగూడ పిల్లగాడు తులసీదాస్ బలరాం రెండింట్ల ఆడిండు. రహీం సాబ్ మీద సినిమా రావాల్సొచ్చింది మనకు ఆయన యాదికి రానీకి. గిప్పుడు ఎల్బీ స్టేడియం అంటే ప్రమాణ స్వీకారాలు, సభలు.

2019ల మనకొక క్లబ్బొచ్చింది, హైదరాబాద్ ఎఫ్‌సీ. వచ్చింది అంటే పుట్టింది కాదు. పుణె క్లబ్బు మూతవడితే దాని జాగల లీగుల ఎక్కింది. ఇంటి గ్రౌండు గచ్చిబౌలి బాలయోగి స్టేడియం. గిది సుత ఒలింపిక్ స్టేడియం తమ్ముడే. 2003 ఆఫ్రో ఏషియన్ గేమ్స్ అయిన జాగ. సుట్టూత రన్నింగ్ ట్రాక్, జనం ఒకదిక్కు, మైదానం ఇంకోదిక్కు. బార్కస్ కెంచి, బొల్లారం కెంచి ఆట ఆడే పిల్లగాండ్లు ఆడికి వచ్చిపోవాలంటే సగం దినం పోతది. మెట్రో రాయదుర్గం కాడనే ఆగుతది. పక్కన ఐటీ బిల్డింగులు. మ్యాచ్‌కు ముంగట ఆగి ఛాయ్ తాగే గల్లీ లేదు. 2022 మార్చిల గా టీం లీగ్ కప్పు గెలిచింది, గోవాల. కరోనాతోని గా సీజన్ మ్యాచ్‌లన్ని గోవాలనే అయినయి. కప్పు గెలిచిన ఏడాది ఇంటికాడ ఒక్క మ్యాచ్ సుత ఆడలే. తర్వాత పైసల తిప్పలు, జీతాల లొల్లి, ఓనర్లు మారుడు. 2025ల క్లబ్బు ఢిల్లీకి పోయింది, పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. పుణెకెంచి వచ్చిన తొవ్వలనే పోయింది. అదే ఏడాది డిసెంబర్‌ల మెస్సి ఉప్పల్‌కు వస్తే వేల రూపాలు పెట్టి జనం పోయిన్రు. ఫుట్‌బాల్ మీద ప్రేమ లేదనేటోళ్లకు గదే జవాబు. ప్రేమ ఉన్నది, పెట్టుకోనీకి జాగ లేదు.

వెస్ట్ హామ్ మూడు మైళ్లు జరిగితేనే గంత లొల్లి అయింది. మన క్లబ్బు 1,500 కిలోమీటర్లు జరిగితే ఒక్క ధర్నా కాలే, ఒక్క ఎమ్మెల్యే నోరు తెరవలే. ఎందుకు? దానికి గల్లీ లేదు గనుక. ఒక ఊళ్ల ఒక మలుపు కాడ వందేండ్లు నిలవడ్డదాన్ని పీకాలంటే ఓనర్లకు చెమట వడ్తది. ఉత్త లైసెన్సు కాయిదం మీద నడిచేదాన్ని బ్యాగుల వేసుకుని పోవచ్చు.

ఇంగ్లండ్ల సుత గిట్లయింది ఒకసారి. వింబుల్డన్ క్లబ్బును 2003ల ఓనర్లు మిల్టన్ కీన్స్ అనే దూరం ఊరికి పట్టుకపోయిన్రు. అభిమానులు ఏడ్చుకుంట కూసోలే. అంతకుముందే 2002ల, పోతదని తెలిసినంకనే, పార్కుల పిల్లగాండ్లను పరీక్ష పెట్టి ఎంచుకుని తమ సొంత టీం పెట్టుకున్నరు, తొమ్మిదో మెట్టు లీగుల షురూ చేసిన్రు. ఓనర్లు వాళ్లే. మెట్టు మెట్టు ఎక్కి పెద్ద లీగులల్లకు వచ్చిన్రు. 2020 నవంబర్‌ల తమ పాత సడక్ ప్లౌ లేన్ మీదనే, తమ పైసలు సుత ఏసుకుని, చిన్న కొత్త స్టేడియం కట్టుకుని ఇంటికొచ్చిన్రు. తొమ్మిది వేల పైచిలుకు సీట్లు. కొత్త స్టేడియం అంటే నాకు పగ లేదు, గిసొంటిది ఎవరైనా కడ్తే నేను సుత చందా ఇస్త.

మా అక్క కొడుకు పదకొండేండ్లోడు. హైదరాబాద్ ఎఫ్‌సీ పచ్చ చొక్కా, నేనే కొనిచ్చిన. ఆదివారం బస్తి గ్రౌండుల గదే ఏసుకుని ఆడ్తడు. టీం ఢిల్లీకి పోయిందని చెప్తే "మరి ఇది ఇడవాల్నా మామా?" అనడిగిండు. ఇడవకు అన్న. గిప్పుడు వాళ్ల గ్రౌండు సగంల కార్లు పెడ్తున్నరు, మిగిలిన సగంల రెండు గోల్ కర్రలు పాతుకున్నరు.